దర్గా తలుపు మేకులు

“నా మేకు పీకిన చేతులు పడిపోను! ఎక్కడ పెట్టావయ్యా దాన్ని?”

తలకి తడిగుడ్డ బిగించి కట్టుకుని సిత్ ఇన్షిరాహ్ దుకాణంలోకి ఊడిపడింది. ఆ సరికే వడ్రంగి మేస్త్రీ ఉస్తా బయ్యూమీ మండిపోతున్నాడు. కుడి చేత్తో విల్లు లాగి చెక్కని గిరగిరా తిప్పుతూ, ఎడమ కాలి వేళ్ళతో ఉలి నొక్కిపట్టి తరిమెన పడుతుంటే, చెక్కలో దాక్కున్న ఇనుప ముక్క ఏదో తగిలి ఉలి మొన ఎగిరిపోయింది. తండ్రి నాటి ఉలి. విల్లు ఒక మూలకీ ఉలి ఒక మూలకీ విసిరేసి, ఆ మేకు కొట్టినవాడి ఏడు తరాల్నీ తిడుతున్నాడు.

“ఏ మేకు? ఎవరి మేకు?” అని గర్జించాడు.

“షేక్ యాకూత్ దర్గా తలుపుకి మా అమ్మ కొట్టిన మేకు! నా చిన్నప్పుడు నా తలనొప్పిని అందులో దిగ్గొట్టింది. ఇన్నేళ్ళూ హాయిగా ఉన్నాను. నిన్న రాత్రి నుంచీ నా బుర్రలో ఎవడో కూర్చుని రాగి పళ్ళేలు కొడుతున్నాడు. నిన్న సాయంత్రమేగా నువ్వు ఆ మేకులు పీకింది?”

ఆ పేటలో ఎవరికే నొప్పి వచ్చినా షేక్ తలుపుకి ఒక మేకు కొట్టి, నొప్పిని అక్కడే వదిలి వచ్చేవారు. ఈ మధ్య దర్గాకి ఇనుప తలుపు పెట్టారు. పాతది బయ్యూమీ కొన్నాడు. ఆయన జన్మలో పచ్చని చెట్టు జోలికి పోయినవాడు కాదు. కూలిన ఇళ్ళ దూలాలూ, ఊడిన తలుపులూ, అవే ఆయన అడవి. జాలీ కిటికీలకి కూర్చే చెక్క పూసలన్నీ అందులోంచే తీస్తాడు. మేకులున్న చెక్క తరిమెనకెక్కితే ఉలి బతకదు కాబట్టి, డబ్బా నిండా మేకులు పీకి పక్కన పెట్టాడు.

“పీకాను! పీకక ముద్దు పెట్టుకోమంటావా?”

“మళ్ళీ కొట్టు!”

“ఎక్కడ కొట్టను? సగం తలుపు పూసలైపోయింది. నీ నెత్తిన కొట్టనా?”

ఆ కేకలకి ఎదురు కాఫీ అంగడి హమ్మూదా పరుగెత్తుకొచ్చాడు. “ఉస్తా! ఆ గొంతు నీదేనా? చేప ఎత్తుకుపోయే పిల్లిని కూడా ‘ముల్లు జాగ్రత్త తల్లీ’ అని సాగనంపే మనిషివి! పొద్దున మీ ఇంట్లో గ్లాసు భళ్ళుమంటే కూడా పిల్లే తన్నేసిందనుకున్నానే!”

“నోరు మూసుకుని పోయి కాఫీ కాచుకో. కాఫీట కాఫీ! కుడితి నయం!”

హమ్మూదా పొరుగున ఉన్నన్నాళ్ళలో ఆ నోట అలాంటి మాట విని ఎరగడు. మనసు చివుక్కుమంది పాపం.

ఇన్షిరాహ్ మాత్రం వెనక్కి తగ్గలేదు. “నాది పలకల మేకు. తాళం కడియం కింద ఉండాలి. ఎవడూ పీకకుండా మా అమ్మ దాని తల విరగ్గొట్టించింది!”

బయ్యూమీ తరిమెన వైపు చూశాడు. తరిమెన మీదున్నది ఆ కడియం కింది చెక్కే. దాన్ని లాగి, విరిగిన ఉలితోనే చుట్టూ చెక్కాడు. తల లేని పలకల మేకు బయటపడింది.

“ఇదిగో చూడు! నీ మేకు నేను పీకనే లేదు. నా ఉలిని మింగి ఇక్కడే కూర్చుంది! మేకు చెక్కలోనే ఉంటే నీకు నొప్పెలా వచ్చింది? వేషాలా?”

ఇన్షిరాహ్ ఆ మేకుని వేలితో తడిమి చూసింది. మొహం విప్పారింది. “అవునుస్తా! తగ్గిపోయింది!” అని తడిగుడ్డ ఊడబెరికి, చెక్కని ముసుగులో చుట్టుకుని చక్కా పోయింది.

“చెక్క కూడా పట్టుకుపోయింది, చూశావా!” బయ్యూమీ ఒంటికాలి మీద లేచాడు. “మేకులో నొప్పి ఉంటుందట! నమ్మేవాళ్ళకైనా బుద్ధి ఉండాలి!” అంటూ మేకుల డబ్బాని ఒక్క తన్ను తన్నాడు. మేకులు నేలంతా చెల్లాచెదురయ్యాయి.

గుమ్మంలో ఆయన భార్య దలాల్ రొట్టెలూ చిక్కుడుగింజల గిన్నే పట్టుకుని నిలబడి ఉంది. పొద్దున పగిలిన గ్లాసు పెంకు గీసిన గీత ఆమె చెంప మీద ఇంకా ఎర్రగానే ఉంది. హమ్మూదా ఆ గీతని చూసి, తన అంగడికి వెళ్ళిపోయాడు.

దలాల్ గిన్నె దించి, నేల మీద కూర్చుని మేకులు ఏరడం మొదలుపెట్టింది.

“నీకేం పోయేకాలం? వదిలెయ్ వాటిని!”

ఆమె వదల్లేదు. వెతికి వెతికి, నీలం గుడ్డ పీలిక చుట్టిన చిన్న ఇత్తడి మేకు ఒకటి పట్టుకుంది. మిగిలిన సగం తలుపుని గోడకి చేరేసి సుత్తి అందుకుంది.

“సాబిర్ వాళ్ళ నాన్నా, చెక్క కదలకుండా కాస్త పట్టుకో.”

తిడుతూనే పట్టుకున్నాడు. “నీకూ నొప్పి ఉందా? ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడూ చెప్పలేదే!”

“నాకేం నొప్పి లేదు,” అంది దలాల్, ఒక దెబ్బ గట్టిగా వేసి. “పెళ్ళైన వారానికే నీ కోపాన్ని ఇందులో దిగ్గొట్టాను. నిన్న సాయంత్రం నువ్వే పీకేశావు.”