మునసబు రాసిన పేరు

అది క్విట్ ఇండియా గొడవల కాలం. నరసరావుపేటలో వకీలు గారి వరండాలో గ్రామ మునసబు కోటిలింగయ్య కూర్చోకుండా పచార్లు చేస్తున్నాడు.

"తంతి తీగలు తెంచినోడికి ఎన్నాళ్లు పడుద్దండీ?"

"ఏడాది పడొచ్చు."

"నేరం ఒప్పుకుంటే?"

"కాస్త తగ్గొచ్చు. మీ అబ్బాయి ఒప్పుకున్నాడటగా?"

"ఒప్పుకున్నాడు. కానీ వాడు తెంచలా. ఆ రాత్రంతా నా పక్క మంచం మీదే ఉన్నాడు."

"మరెందుకు ఒప్పుకున్నాడయ్యా?"

కోటిలింగయ్య గోడవైపు తిరిగాడు.

"కక్షకొద్దీ నేను ఎదుటి పార్టీవాళ్ల కుర్రాడి పేరు రిపోర్టులో రాసి పంపా. ఆ పిల్లోడూ తెంచలా. ఆ సంగతి తెలిసి మావాడు ఠాణాకెళ్లి, తెంచింది నేనేనన్నాడు."

వకీలు కలం కింద పెట్టాడు.

కోటిలింగయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"తప్పుడు రిపోర్టు రాసిన మునసబుకి ఎన్నాళ్లండీ?"