ఆనుకోవద్దమ్మా

లక్ష్మీకాంత్ సీటును మూడోసారి చేత్తో నొక్కి చూస్తుంటే వెనక నుంచి ఎవరో అన్నారు.

"చేత్తో నొక్కితే ఏం తెలుస్తాదప్పా? అర్ధగంట కూర్చుంటే తెలుస్తాది."

తిరిగి చూస్తే ఒక ముసలాయన. మాసిన చొక్కా, నిద్రలేని ఎర్రటి కళ్లు. ఆ కళ్లు లక్ష్మీకాంత్‌ను చూడడం లేదు. షాపు గోడకు వరసగా వేలాడుతున్న బ్యాక్‌రెస్టులనే చూస్తున్నాయి.

హిందూపురంలో ఆ బైకు సీట్ల షాపుకు మంచి పేరు. ధర్మవరం నుంచి లక్ష్మీకాంత్ పనిగట్టుకుని వచ్చింది అందుకే. భార్య సుమలతను కూడా వెంటబెట్టుకొచ్చాడు. కూర్చోవాల్సింది ఆమె కదా మరి!

పంతొమ్మిదేళ్లుగా మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీరలు నేసి నేసి ఆమె నడుము అరిగిపోయింది. అయినా ఒక్క కోరిక మాత్రం అరగలేదు. మొగుడి వెనక బండి మీద కూర్చుని ఉడుపి దాకా పోవాలి, సముద్రం చూడాలి. బస్సులో పోదామంటే ససేమిరా అంది, మొండి మనిషి.

ఆ నడుముకు ఏమీ కాకుండా తీసుకుపోయి తీసుకురావాలి. లక్ష్మీకాంత్‌కు పట్టుకున్న బెంగ అదొక్కటే.

ముసలాయన చెప్పింది నిజమే అయింది. మెత్తటి ఫోమ్ మీద సుమలత కాసేపు కూర్చునేసరికి అది అణిగిపోయి అడుగు తగిలింది. గట్టిగా, వెడల్పుగా ఉన్నది తీసుకున్నారు. ఇక మిగిలింది వెనక కూర్చునే వాళ్లకు వేసే బ్యాక్‌రెస్ట్. నల్లటి ఇనుప కమ్మీ, దానికి లావుపాటి మెత్త.

సుమలత వీపు ఆనించి, హాయిగా కళ్లు మూసుకుంది.

"ఆనుకోవద్దమ్మా," అన్నాడు ముసలాయన.

ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

ఎందుకని లక్ష్మీకాంత్ అడిగితే ఆయన కమ్మీ మొదలును వేలితో తడిమాడు. ఈలోగా షాపు యజమాని జయచంద్ర వచ్చి కసురుకున్నాడు. వాడికి మతి చెడిందని, ఏ బండి వచ్చినా ఇదే గోలని, పట్టించుకోవద్దని చెప్పాడు.

బిగించడం అయిపోయింది. లక్ష్మీకాంత్ బండి స్టార్ట్ చేశాడు. సరిగ్గా అప్పుడే ముసలాయన అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"యాడికి పోతాండారు?"

బయల్దేరేటప్పుడు ఎవరైనా అడిగే మాటేనా అది! సుమలత ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎదురుగా నరసక్క టీకొట్టులో కాసేపు కూర్చుని, నీళ్లు తాగి బయల్దేరదామంది. అపశకునానికి ఎవరైనా చేసే పని అదే.

నీళ్లు తాగి ఇటు తిరిగేసరికి ఏముంది? ముసలాయన బండి పక్కన గొంతుకూర్చుని, స్పానర్‌తో బ్యాక్‌రెస్ట్ బోల్టు తిప్పుతున్నాడు.

లక్ష్మీకాంత్‌కు ఒళ్లు మండిపోయింది. ఒక్క ఉదుటున పోయి చెంప ఛెళ్లుమనిపించాడు. పెద్దవాడన్న జ్ఞానం కూడా లేకపోయింది. ముసలాయన కిందపడ్డాడు. కిందపడి కూడా ఆ కమ్మీనే చూస్తున్నాడు.

జయచంద్ర తనే వచ్చి బోల్టులన్నీ మళ్లీ బిగించాడు.

ఇంటిదారిలో పెనుకొండ దగ్గరపడేసరికి సుమలత మాటలు తగ్గాయి. వీపుకు మెత్త తగిలిన సుఖానికి కునుకు పట్టినట్టుంది. అద్దంలో ఆమె తల వెనక్కి వాలుతుంటే లక్ష్మీకాంత్ సంతోషపడ్డాడు కూడా. పాపం, ఇంత హాయిగా నడుము వాల్చి ఎన్నాళ్లయిందో అనుకున్నాడు.

స్పీడ్ బ్రేకర్ పెద్దదేమీ కాదు. బండి కొంచెం ఎగిరింది. ఆ తర్వాత వెనక బరువు తెలియలేదు.

అద్దంలో చూస్తే సుమలత లేదు.

ప్రాణం దక్కింది. నడుము కింద నుంచి మాత్రం చలనం లేదు. మగ్గం తొక్కిన కాళ్లు ఆసుపత్రి దుప్పటి కింద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. లేచి కూర్చుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు.

లక్ష్మీకాంత్ ఏడవలేదు. అతని గుండెల్లో కసి తప్ప మరేమీ మిగల్లేదు. బోల్టు వదులు చేసింది ఆ ముసలివాడే. పోలీసులకు అప్పగించే ముందు వాడి కీళ్లు విరవాలి. నాలుగో రోజు విరిగిన బ్యాక్‌రెస్టును సంచిలో వేసుకుని, అదే బండి మీద హిందూపురం వచ్చాడు.

షాపు ముందు ఇంకో జంట బ్యాక్‌రెస్ట్ బిగించుకుని చిలమత్తూరు దోవ పట్టింది. ఆ అమ్మాయి నవ్వుతూ వెనక్కి ఆనుకుంది. వద్దని చెప్పేవాళ్లు ఎవరూ లేరక్కడ.

"ఆ ముసలోడు యాడ?" అని నరసక్కను అడిగాడు.

నువ్వు కొట్టిన రోజు నుంచి ఈ పక్కకే రాలేదంది నరసక్క. సంగతంతా విని బండి దగ్గరికి వచ్చింది. వంగి, మిగిలిపోయిన కమ్మీ మొదలును గట్టిగా కదిలించి చూసింది.

"బోల్టులు బిగువుగానే ఉండాయి కదప్పా. ఇరిగింది అతుకు కాడ."

లక్ష్మీకాంత్ కూడా పట్టుకుని చూశాడు. నట్టు ఇసుమంత కదల్లేదు. కమ్మీ వెల్డింగ్ చేసిన చోట తెగిపోయి ఉంది. టీకొట్టు బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆయనకు ముందే ఎట్ల తెలుసక్కా?"

నరసక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ షాపులో కమ్మీలన్నీ అతికినోడు ఆ ముసలి ఈరన్ననేప్పా. అతుకు నిలబడదని తెలిసినాక, అన్నీ తనకే ఎనక్కి ఇచ్చేయమని జయచంద్ర కాళ్లు పట్టుకున్యాడు. ఆయప్ప ఇయ్యలేదు. తన చేత్తో చేసిందాన్ని తన నోటితో ఎట్ల చెప్పుకుంటాడు? మొట్టమొదటిది ముచ్చటపడి సొంత కూతురు నాగజ్యోతి బండికే బిగిచ్చినాడు, ఆ పిల్ల పెనుకొండ దాక కూడా పోలేదు."