తొమ్మిది పైలు చేసిన మనిషి

"పేరు, పుట్టిన తేదీ చెప్పండి," అంది మందులషాపు కిటికీలోంచి అమ్మాయి.

వెండెల్ కారులోంచే చెప్పాడు. పేరు అతని భార్య డార్లాది, తేదీ కూడా ఆమెదే.

పక్క సీట్లో డార్లా మెల్లగా తల తిప్పింది. "రొట్టె కొనడానికన్నావు కదా?"

"డాక్టరుకి ఫోన్ చేసి నీ మాత్రలు మళ్ళీ రాయించాను. థాంక్స్‌గివింగ్ పండగ దాటేదాకానే. రోజుకొక్కటి, నేనే ఇస్తా."

ఏకాగ్రత కోసం రాసిచ్చిన ఆ మాత్రల్ని, నెలకి సరిపడేవి పది రోజుల్లో మింగేస్తూ ఎనిమిదేళ్ళు గడిపింది ఆమె. మానేసి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. అప్పట్నుంచీ సోఫాలోనే ఉంది. ఏడుపూ రాదు, కోపమూ రాదు.

"గురువారం పండగ విందుకి ఇరవైమూడు మంది వస్తున్నారే! పోయినేడు అందరికీ ఒక్కదానివే వండావు. ఓవెన్లో కాల్చి తొమ్మిది ఆపిల్ పైలు చేశావు."

"రెండు రాత్రులు కన్ను మూయలేదు, ఒక్క ముక్కా తినలేదు. అవి చేసింది నేను కాదు, వెండెల్. ఆ మాత్ర."

ఇన్ని రోజులూ అతను తిరిగి రమ్మంటున్నది తనని కాదని, ఆ తొమ్మిది పైల మనిషినని ఆమెకి అప్పుడు తెలిసింది. బాధ కలగాల్సిందే. కలగలేదు.

అతని మీదుగా కిటికీ వైపు వంగింది. "వద్దమ్మా, లోపల పెట్టేయ్. ఇక ఎవరొచ్చినా ఇవ్వొద్దని రాసుకో. నేనొచ్చి బతిమాలినా సరే."

"సరేనండీ. ఇంకేమైనా కావాలా?"

వెనక కారు హారన్ కొట్టింది.

"వండిన టర్కీ కోడి ఉందా?" అన్నాడు వెండెల్. "ఇరవైమూడు మందికి."

అది జోకని డార్లాకి తెలిసింది. నవ్వు రాలేదు. వచ్చిన రోజున నవ్వుకోవచ్చని గుర్తుపెట్టుకుంది.