క్లిప్పు చప్పుడు

ఆస్పత్రి క్యాంటీన్లో కొన్న టీ చేతిలోనే చల్లారిపోయింది. మహారాణి డబ్బాకి మూత సరిగ్గా పెట్టానా, లేదా? నిన్నటి నుంచి అతని బుర్రను ఇదొక్కటే తొలిచేస్తోంది.

మహారాణి అంటే తేలు. పసుపు రంగు ఒళ్ళు, లావుపాటి తోక. ల్యాబ్‌లో అలాంటివి ఇంకా ఉన్నాయి గానీ, అన్నిటికంటే ఎక్కువ విషం ఇచ్చేది అదే. దాని తోకకి కాస్త కరెంటు తగిలించి, కొండి చివర ఊరిన చుక్కను గాజు గొట్టంలో పట్టడం అతని ఉద్యోగం. ఆ విషంలో ఉన్న నానా పదార్థాల్లో నొప్పిని తగ్గించేది ఒకటుందని ల్యాబ్ నడిపే మేడమ్ నమ్మకం. దాన్ని విడదీయడానికి ఏళ్ళ తరబడి తంటాలు పడుతున్నారు.

అతనికి అంత ఓపిక ఎక్కడిది? ల్యాబ్ చూడ్డానికి ఎవరొచ్చినా కోతలు కోసేవాడు. "ఒక్క చుక్క చాలండీ, ఎంత మొండి నొప్పయినా పరారే!" వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. మూలన నేల తుడిచే పిన్ని కూడా పని ఆపి, మురిపెంగా వినేది.

పిన్నికి అక్కడ పని ఇప్పించింది అతనే. తల్లి పోయాక అతన్ని పెంచింది పిన్నే. నలుగురిళ్ళల్లో నేలలు తుడిచి తుడిచి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. అతని చదువు అలా గట్టెక్కింది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కాలంటే ఆవిడకి దేవుడు కనిపిస్తాడు. అలాంటి మనిషిని తెచ్చి తెచ్చి తేళ్ళ మధ్య పడేశాడు. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకున్నాడు.

నిన్న మహారాణిని డబ్బాలో వేసి మూత పెడుతుంటే ఫోన్ మోగింది. మాట్లాడుతూ బయటికొచ్చేశాడు. మూత పెట్టడం గుర్తుంది. క్లిప్పు టప్పుమన్న చప్పుడు మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

కాసేపటికి లోపల్నించి కేక. పరిగెత్తుకెళ్ళి చూస్తే పిన్ని కుడి మోకాలు పట్టుకుని నేల మీద కూలబడి ఉంది. బల్ల కింద మహారాణి. బల్ల మీద మూత లేని డబ్బా. బల్ల కింద తుడుద్దామని మోకాళ్ళ మీద కూర్చుని ఉంటుందన్నారు అందరూ.

అంతటితో ఆగినా బాగుండేది. డబ్బా ఎలా తెరుచుకుందని మేడమ్ నిలదీసేసరికి అతను నోటికొచ్చింది అనేశాడు.

"పిన్ని తుడుస్తూ మూత కదిపిందేమో మేడమ్."

"నీ పొరపాటయితే మాత్రం ఇక నువ్వు రానక్కర్లేదు" అన్నారావిడ.

అవతల పిన్ని గుండె ఆగుతుందేమోనని డాక్టర్లు హడలిపోతుంటే, ఇవతల తను ఆవిడ మీదే నింద వేశాడు. ఆ మాట ఎలా అనగలిగాడో అతనికే అర్థం కాలేదు. పిన్నికేమైనా అయితే తన మొహం తను అద్దంలో చూసుకోగలడా?

గండం గడిచిందని ఇందాకే నర్సు చెప్పింది. టీ పారబోసి గదిలోకి వెళ్ళాడు.

"ఏమన్నా తిన్నావురా?" అంది పిన్ని, అతన్ని చూడగానే.

అంతే, అతనికి ఏడుపు ఆగలేదు. "నన్ను చెప్పుతో కొట్టు పిన్నీ!"

"వంగి చెప్పు తీసే ఓపికుంటే ఇక్కడెందుకు పడుంటానురా! ఏమైందో చెప్పు."

"మూత సరిగ్గా పెట్టంది నేనే. పైగా నువ్వే కదిపావని మేడమ్‌తో అబద్ధం చెప్పాను. ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ."

అతను వెనక్కి తిరిగాడో లేదో, పిన్ని గాభరాగా చేయి పట్టేసుకుంది.

"ఒరేయ్, ఆగరా! నీకు పుణ్యముంటుంది, వెళ్ళకు."

"నా కోసం నువ్వు మాట పడక్కర్లేదు పిన్నీ."

 పక్క మంచం దగ్గర మందులిస్తున్న నర్సు బయటికి వెళ్ళేదాకా ఆవిడ ఆగింది. తర్వాత, బెల్లం డబ్బాలో చేయి పెట్టి దొరికిపోయిన పిల్లలా తల దించుకుంది.

"మూత నువ్వు గట్టిగానే పెట్టావురా నాన్నా, ఆ ఒక్క చుక్క కోసమని దాన్ని ఊడదీసి, పటకారుతో మహారాణిని మోకాలి మీద పెట్టుకునేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."