పెరిగే మార్కెట్

కుర్మయ్య క్యాబును ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన ఆపి, వెనక సీట్లోని మందుల కంపెనీ మనిషి శ్రీధర్‌ను టై పట్టుకుని బయటికి ఈడ్చాడు. మొదటి దెబ్బకే శ్రీధర్ పెదవి పగిలింది.

"ఫోన్ల ఏమన్నవ్‌రా? బ్లడ్ క్యాన్సర్ మందుల మార్కెట్ రెండింతలైతదా? నవ్వుతున్నవ్ గూడ. నా పెండ్లాం సత్తెమ్మకు గదే రోగం. ఇంకెంతమందికి రావాలెరా నీకు?"

అతణ్ణి కారుకేసి అదిమి, టైని మెడకు బిగించాడు. శ్రీధర్ గోళ్లు కుర్మయ్య చేతుల్ని రక్తం వచ్చేలా గీరాయి.

"రోగులు పెరగడం కాదు," అన్నాడు శ్రీధర్ గొంతు పెగుల్చుకుని. "ఇదివరకు త్వరగా పోయేవాళ్లు. పోయినవాళ్లు మందు కొనరు కదా. ఇప్పుడు రోజూ మాత్ర మింగుతూ బతుకుతున్నారు. అందుకే అమ్మకాలు పెరుగుతాయి."

లేచిన పిడికిలి ఆగింది.

"డాక్టర్ గూడ జిందగీ అంత మింగాలన్నడు. రోగం పోయేదైతే మందు ఎన్నడో ఒకనాడు బందు గావాలె గదా?"

"ఆపితే రోగం తిరగబడుతుంది. జీవితాంతం మింగమన్నారంటే, ముందర ఇంకా జీవితం ఉందని."

కుర్మయ్య టై వదిలేశాడు.

"ఉత్తగ వాంతులైతున్నయని, పోయిన వారం నేనే బందు పెట్టించిన సార్. సత్తెమ్మ తినకుండ మాత్రలు బియ్యం డబ్బాల దాసిన."

శ్రీధర్ నోట్లోని రక్తం ఉమ్మి, తూలుతూ వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఇల్లెక్కడ?"

"మామిడిపల్లి."

"పోనివ్వు. ముందు ఆమెతో మాత్ర మింగించు. పోలీస్ స్టేషన్‌కు తర్వాత వెళ్దాం."

కుర్మయ్య కారు వెనక్కి తిప్పాడు.