మైనాలకు చెప్పని మాట

ఒక అడవిలో ఓ ముసలి ముళ్లపంది తన గుహలో మందు వేర్లు దాచి ఉంచేది. చూపు ఆనక, అడిగిన రకంలో ముందుగా అందిన వేరునే తీసి ఇచ్చేది. జబ్బుపడ్డ జంతువులకు ఆ వేర్లు తెచ్చిపెట్టే పని మైనాలది. ఎలా అడగాలో వాటికి కొంగ నేర్పింది.

"వేరు పేరు స్పష్టంగా చెప్పండి, చాలు," అంది.

ఒకరోజు లేడిపిల్లకు జ్వరం వచ్చింది. ఒక మైనా ఎగిరి వెళ్లి, నేర్చుకున్నట్టే పేరు చెప్పి వేరు తెచ్చింది. అది ఎప్పటిదో, పుచ్చిపోయి ఉంది. పిల్ల బతకలేదు.

కొంగ మైనా మీద మండిపడింది. "కొత్త వేరు కావాలని అడగొద్దా? అడక్కపోతే ముళ్లపంది తాత పాతదే ఇస్తాడని ఎవరికి తెలియదు?"

"మాకు తెలియదు అత్తా," అంది మైనా. "నువ్వు చెప్పినంతే మాకు తెలుసు."

తల్లి లేడి చల్లబడిన పిల్లను నాకుతూ ఉండిపోయింది. కొంగ దాని వైపు చూడలేకపోయింది.

ఆ సాయంత్రమే కొంగ మైనాలన్నిటినీ పిలిచి, గుహ గురించి తనకు తెలిసిందంతా మొదటి నుంచి చెప్పింది. "ఇది మీకు తెలిసే ఉంటుంది" అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.