సగం కొలత

“ఎడమ పక్క మళ్ళీ లోపలికి పోయింది,” అంది నడీన్‌తో కలిసి మ్యూజియంలో పనిచేసే డాట్, ఆమె వీపు మీది తాళ్ళు లాగడం ఆపి. “ఇంకా బిగించనా, వదిలెయ్యనా?”

“వదిలెయ్,” అంది నడీన్.

ఇది నాలుగో కార్సెట్, పూర్వం దొరసానులు గౌను లోపల రొమ్ము నుంచి నడుము దాకా తాళ్ళతో బిగించుకునే ఉక్కు బద్దల రవిక. పాత దుప్పట్లు చించి మాదిరికి కుట్టి చూసిన మూడు కార్సెట్లు కుర్చీ మీద పడి ఉన్నాయి. నాలుగింటికీ ఒకటే జబ్బు. కుడివైపు ఒంటికి అచ్చు పోసినట్టు అమరుతుంది. ఎడమవైపు గుడ్డ ముడతలు పడి, లోపలి ఉక్కు బద్ద పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. గుచ్చుకోక ఏం చేస్తుంది? నవంబరులో ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. గుడ్డ ఆనుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

“దూది కుక్కి చూడకపోయావా?” అంది డాట్.

“చూశాను. పొద్దున పెడితే మధ్యాహ్నానికి మెడ దగ్గరికొచ్చింది. మొన్న తెరవకముందే చూడ్డానికొచ్చిన బడిపిల్లలకి ఇక్కడి వంటింట్లో పొయ్యి చూపిస్తుంటే ఒక పిల్ల, ‘ఆంటీ, నీకేదో పైకొస్తోంది’ అంది.”

డాట్ నవ్వబోయి ఆపుకుంది. నడీనే నవ్వడం మొదలుపెట్టి, ఓపిక లేక మధ్యలో మానేసింది.

పద్నాలుగేళ్ళుగా హాల్‌బ్రుక్ భవనంలో వేసవి నాలుగు నెలలూ నడీనే అగస్టా హాల్‌బ్రుక్. ఆ అగస్టా, నూట ముప్పై ఏళ్ళ కిందట అమెరికా వెర్మాంట్‌లోని ఈ ఊళ్ళో ఉన్ని మిల్లు పెట్టినాయన భార్య. ఇల్లు ఇప్పుడు మ్యూజియం; నడీన్ ఆవిడ వేషం కట్టి వచ్చినవాళ్ళకి తిప్పి చూపిస్తుంది. శనివారం తలుపులు తెరుస్తారు. ఈలోగా కార్సెట్ కుదరకపోతే అగస్టా వేషం టెస్సాకి పోతుంది. టెస్సాకి ఇరవై మూడేళ్ళు, ఏది తొడిగినా కుదురుతుంది. ఆ పిల్ల మీద నడీన్‌కి కోపమేమీ లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

తలుపు తట్టి మ్యూజియం అధికారి మార్నా లోపలికి వచ్చింది. నడీన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. మనిషి చెడ్డది కాదు. పాత వస్తువులంటే ప్రాణం, మనుషులంటే కొంచెం తక్కువ ప్రాణం.

“నొచ్చుకోకండి నడీన్. ఫోటోలో అగస్టా గారు రెండు వైపులా ఒకేలా, నిండుగా ఉంటారు. మనం చూపించేది ఆవిణ్ణి. ఆవిడ వేసుకున్నది ఎలా ఉందో అలాగే ఉండాలి. అంతకంటే నేనేమీ అడగను.”

“అగస్టా అసలు కార్సెట్ చూసి మీరు గీసిచ్చిన కాగితం నమూనా ప్రకారమే కత్తిరించాను. నా ఒంటికి తగ్గట్టు ఎన్ని మార్పులు చేసినా, ఎడమ పక్క దేన్ని పట్టుకుని నిలబడాలో తెలియడం లేదు.”

“ఈ ఏడాదికి టెస్సాని చెయ్యనివ్వండి. మీరు టికెట్ల దగ్గర కూర్చోండి. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది.”

“ఏడు నెలలు కుర్చీలోనే కూర్చున్నాను,” అంది నడీన్.

నడీన్ బల్ల మీది ఆ నమూనా కాగితం ముక్కలు తీసి చూసింది. మొత్తం అయిదు. ప్రతి ముక్క మీదా మార్నా గుండ్రటి రాత: ‘రెండు కత్తిరించాలి’.

“ఇవి కుడి సగానివేగా?”

“ఎవరైనా సగమేగా గీసేది. కాగితం తిరగేస్తే అదే రెండోది.”

“అసలు కార్సెట్‌లో ఎడమ సగం ఎవరైనా చూశారా?”

“చూడ్డానికేముంది? కుడివైపు పైకి వచ్చేలా మడిచి పెట్టెలో పెట్టారు. కదిలిస్తే చిరుగుతుందని ముప్పై ఏళ్ళుగా ఎవరూ తిప్పలేదు.”

“ఒక్కసారి తిప్పండి. లోపల కుట్టు ఎలా వేశారో చూస్తాను. అప్పటికీ కుదరకపోతే టికెట్ల దగ్గర నేనే కూర్చుంటాను. మళ్ళీ మిమ్మల్ని విసిగించను.”

మార్నా నసిగింది. డాట్ తాళ్ళు చుట్టి పక్కన పడేసింది.

“చూపించమ్మా. పద్నాలుగేళ్ళు నడీన్ ఆవిడ పేరు పెట్టి పిలిస్తే పలికింది. ఆ మాత్రం చనువు లేదా?”

ముగ్గురూ మేడ మీద గదికి వెళ్ళారు. మెట్లెక్కేసరికి నడీన్‌కి ఆయాసం వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. మార్నా తెల్ల గ్లవ్స్ తొడుక్కుని పెట్టె మూత తీసింది. మీగడ రంగు పట్టు కార్సెట్, అంచుకి సన్నని లేసు. పసిబిడ్డని పక్కకి ఒత్తిగిలించినట్టు రెండు చేతులతో మెల్లిగా తిప్పింది. ఎడమవైపు పైకి వచ్చింది. అదే నునుపు, అదే నిండుదనం.

“నేను చెప్పలేదూ, రెండూ ఒకటే,” అంది మార్నా. ఆమె గొంతులో గెలిచిన సంతోషం కూడా లేదు, పాపం.

నడీన్ తనూ గ్లవ్స్ తొడుక్కుంది. కుడివైపు వేలితో తాకింది. ఖాళీ గుడ్డ, వెంటనే అణిగిపోయింది. ఎడమవైపు తాకింది. అణగలేదు.

“లోపల కాగితం ఉండ చేసి పెట్టుంటారు, ఆకారం చెడకుండా,” అంది మార్నా.

“ఒక వైపేనా?”

మార్నా ఊపిరి బిగబట్టి మడత విప్పింది. లోపల, సరిగ్గా ఎడమ రొమ్ము ఉండాల్సిన చోట, చెమటకి పసుపెక్కిన చిన్న ఉన్ని దిండు ఉంది. కదలకుండా చుట్టూ దగ్గర దగ్గరగా చేతికుట్లు వేసి ఉన్నాయి.

నడీన్ ఆ కుట్ల వెంట వేలు పోనిచ్చింది.

“మార్నా,” అంది నడీన్, “ఈవిడకీ లేదు.”